మూతపడిన మిల్లు మీద కథ రాస్తున్న మిత్రునికి

విశాఖపట్నం

ప్రియ మిత్రమా,

భీమిలి దగ్గరి చిట్టివలస జూట్ మిల్లు నేపథ్యంగా మీరు రాసిన కథను తీరుబడిగా చదివాను. వాక్యం మీకు వశమైంది. గోస్తనీ నది ఒడ్డు, తుప్పుపట్టిన గేటు, గోడ పగుళ్లలో మొలిచిన రావి మొక్క, మోగని సైరన్ అన్నీ కుదిరాయి. అయితే అవన్నీ బస్సు కిటికీలోంచి చూసినవారికీ కనిపించేవే. మీ కథలోని తాతగారు మిల్లును తలచుకుని పదే పదే నిట్టూరుస్తారు గాని, ఆయన ఏ డిపార్టుమెంటులో ఏ పని చేసేవారో చివరిదాకా తెలియదు. ఆ పని తెలియనిదే ఆయన దిగులు పాఠకుడికి అందదు.

కనుక ముందుగా అక్కడ పనిచేసినవారిని కలిసి, పని గురించే అడగండి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పండే గోగునార, జనపనార ఇలాంటి మిల్లుకు చేరాక, దానిమీద నూనె కలిపిన నీరు చల్లి మెత్తబరుస్తారు. కార్డింగ్ యంత్రాల్లో దువ్వి, పట్టీలుగా సాగదీసి, స్పిన్నింగ్‌లో పురిపెట్టి, ఆ నూలును మగ్గాల మీద గోనెపట్టగా నేస్తారు. ఇంతవరకు ఎవరైనా చెబుతారు. నడుస్తున్న స్పిన్నింగ్ ఫ్రేము మీద తెగిన పోగును వేళ్లు ఎలా పట్టుకుని అతికేవి, మగ్గాల హోరులో పక్కవాడికి ఏ సైగతో ఏం చెప్పేవారు, నూనె వాసన, నార దుమ్ము ఒంటిమీద ఇంటిదాకా ఎలా వచ్చేవి అన్నది ఆ పని చేసినవారే చెప్పగలరు. దుమ్ముకు వచ్చిన దగ్గు గురించి కూడా అడగండి. దగ్గును వదిలేసి సైరన్‌ను మాత్రమే తలచుకునే జ్ఞాపకం నాకు నమ్మబుద్ధి కాదు.

మీ కథలో మిల్లు ఒక్కరోజులో మూతపడి, మరునాటి నుంచే గతమైపోయింది. అసలు జరిగింది అలా కాదు. 2009లో అక్కడ యాజమాన్యం లాకౌట్ ప్రకటించి, పని ఆపి గేటు మూసింది. అప్పట్లో అమలులో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం లాకౌట్‌కు చెప్పిన అర్థంలోనే తాత్కాలికమన్న మాట ఉంది. శాశ్వతంగా మూసివేయడం చట్టంలో వేరే సంగతి. ఈ రెండింటి నడుమ చిక్కుకున్న కార్మికుడు రేపో మాపో గేటు తెరుస్తారన్న ఆశను, రావలసిన బకాయిల లెక్కను వదులుకోలేక, వేరే ఊళ్లో స్థిరపడే ధైర్యమూ చేయలేక ఏళ్లు గడుపుతాడు. అతనికి మిల్లు ఇంకా జ్ఞాపకం కాలేదు, బాకీగానే ఉంది. మీ కథకు అసలు బలం ఈ ఎదురుచూపులో ఉందని నా అభిప్రాయం. మీరు దాన్ని ఒక పేరాలో దాటేశారు.

పోల్చి చూసుకోవడానికి 2012లో ఉత్పత్తి ఆపేసిన విశాఖ జింక్ స్మెల్టర్‌లో, అంటే ఖనిజం నుంచి జింకు తీసే ఫ్యాక్టరీలో, పనిచేసినవారితోనూ మాట్లాడండి. ద్రావణంలో విద్యుత్తు పంపి లోహాన్ని వేరుచేసే ఎలక్ట్రోలిసిస్‌లో అల్యూమినియం పలకల మీద పేరుకున్న జింకును రేకులుగా ఒలిచి తీస్తారు; అది ఒకసారి సులువుగా ఊడివస్తుంది, ఒకసారి మొండిగా పట్టుకుంటుంది. ఆ తేడా ఎరిగిన చేతికి ఇప్పుడు ఈ ఊళ్లో పనిలేదు. ఇలాంటి ఒక్క వివరం దొరికితే రావి మొక్కను నిర్మొహమాటంగా తీసేయవచ్చు.

ఇంకొక మాట. ఫ్యాక్టరీ మూతపడితే ఊరంతా ఒకేలా బాధపడుతుందని రాయకండి. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ఇళ్లలోకి వచ్చి ప్రాణాలు తీసిన వెంకటాపురంలో, పరిశ్రమ తరలిపోవాలని రోడ్డెక్కినవారు ఉన్నారు. అక్కడా జీతం మీద బతికిన కుటుంబాలు ఉండకపోవు. మీ తాతగారి ఇంట్లోనే ఆయన భార్యకు మిల్లు మీద వేరే అభిప్రాయం ఉండవచ్చు. ప్రస్తుత ప్రతిలో ఆవిడ కాఫీ ఇవ్వడానికి మాత్రమే వస్తున్నారు, కూర్చోబెట్టి మాట్లాడించండి.

చివరి పేజీలో సైరన్ మళ్లీ మోగినట్టు తాతగారికి వచ్చే కలను తొలగించి, ఆయన బకాయిల కాగితాలున్న సంచితో బయలుదేరే సన్నివేశం దగ్గరే ఆపితే చాలుననిపిస్తోంది. తిరగరాసిన ప్రతిని పంపండి; పత్రికకు ఇచ్చే ముందు మరోసారి చూస్తాను.

శుభాకాంక్షలతో,
మీ శ్రేయోభిలాషి