తర్జుమా చేసినాయన ఎక్కడ?

ప్రియమైన తమ్ముడికి,

నువ్వు పంపిన 'విదేశంలో పాస్టరుగారి ఒక రోజు' వ్యాసం రెండుసార్లు చదివాను. జెట్‌లాగ్ వల్ల తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి, మళ్లీ నిద్ర పట్టక, ఆయన చీకట్లో మంచం మీద కూర్చుని ప్రసంగం కాగితాలు సర్దుకోవడం బాగా రాశావు. కూటం మొదలయ్యేసరికి మాత్రం నీ భాష మారిపోయింది. 'దైవజనులు గంటసేపు అనర్గళంగా వాక్యం అందించారు' అట! మీటింగు కరపత్రం చదువుతున్నట్టు అనిపించింది.

తర్జుమాతో నడిచే ప్రసంగం అనర్గళంగా ఎలా సాగుతుంది చెప్పు? రెండు ముక్కలు చెప్పి ఆగాలి, మళ్లీ రెండు ముక్కలు చెప్పి ఆగాలి. గంటలో ఆయన మాట్లాడింది అరగంటే. మిగతా అరగంట పక్కన నిలబడ్డ మనిషిది. ఆ మనిషి నీ వ్యాసంలో ఒక్క వాక్యంలో కూడా లేడు.

నేనూ కొన్నేళ్లు బయటి దేశాల నుంచి వచ్చిన పాస్టర్లకు తెలుగులో తర్జుమా చేశాను, అందుకే ఈ బాధ. ఇంగ్లీషులో 'లేదు', 'కాదు' అనే మాట ముందే వచ్చేస్తుంది, క్రియ కూడా తొందరగా వస్తుంది. మనకు రెండూ చివర్లో వస్తాయి. ప్రసంగించే పాస్టరు ఉత్సాహంలో సగం వాక్యం చెప్పి ఆగి, 'ఊఁ, కానివ్వండి' అన్నట్టు నావైపు చూసేవాడు. తెలుగులో ఆ సగానికి తలా తోకా ఉండదు. మిగతా సగం ఊహించి చెప్పాలి. ఊహ తప్పితే తర్వాతి వాక్యంలో ఎవరికీ తెలియకుండా సర్దుకోవాలి. ఆ టెన్షన్ ముందు వరసలో కూర్చున్నవాళ్లకు తెలిసిపోయేది, పాస్టరుగారికి తెలిసేది కాదు. నీ పాస్టరుగారి పక్కన నిలబడ్డాయన పడ్డ అవస్థ ఏమిటి? ఆయన ఎక్కడ తడబడ్డాడు? జనం నవ్వింది పాస్టరుగారి మాటకా, ఈయన మాటకా?

బైబిల్లో అపొస్తలుల కార్యములు 14వ అధ్యాయం మరోసారి తీసి చూడు. సువార్త చెప్పడానికి బర్నబాతో కలిసి వెళ్లిన పౌలు, లుస్త్ర అనే ఊళ్లో ఒక కుంటివాణ్ణి నడిపించాడు. జనం తమ లుకయోనియ భాషలో కేకలు వేశారు. బర్నబాను ద్యుపతి అన్నారు, ఎక్కువగా మాట్లాడేది పౌలు కాబట్టి అతన్ని హెర్మే అన్నారు. రెండూ వాళ్ల దేవుళ్ల పేర్లే. పూజారి ఎడ్లనూ పూదండలనూ తెచ్చి బలికి సిద్ధపడేదాకా ఈ ఇద్దరూ ఏమీ అడ్డు చెప్పలేదు. తమ గురించి ఏమంటున్నారో వాళ్లకు అర్థమై ఉండదని నేననుకుంటాను. భాష రాని ఊళ్లో సువార్తికుడి పరిస్థితి అది. నీ పాస్టరుగారికి కూడా ఆ రోజు తన చుట్టూ జరిగినదాంట్లో చాలా భాగం అర్థమై ఉండదు. నీకూ అర్థమై ఉండదు. నీ వ్యాసంలో మాత్రం ఇద్దరికీ అన్నీ తెలుసు.

ఇంకో సంగతి. అదే పుస్తకం 16వ అధ్యాయంలో, త్రోయ దగ్గర, 'వారు' అని సాగుతున్న కథ ఉన్నట్టుండి 'మేము' అవుతుంది. రాసేవాడు కూడా పౌలుతో ఓడెక్కాడన్నమాట. ఆ తర్వాత 20వ అధ్యాయంలో పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడుతుంటే ఐతుకు అనే కుర్రాడు కిటికీలో కూర్చుని నిద్రపోయి మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడని రాశాడు. ఆ గదిలో చాలా దీపాలున్నాయని కూడా రాశాడు. ప్రసంగంలో ఒకడు నిద్రపోయాడని రాస్తే పౌలు గౌరవం తగ్గుతుందని ఆయన భయపడలేదు. నువ్వు ఆ రోజంతా పాస్టరుగారి బ్యాగు మోస్తూ వెంటే తిరిగావు కదా, మరి 'మేము' అనడానికి మొహమాటం దేనికి?

'ఎన్నో ఆత్మలు రక్షించబడ్డాయి' అన్న వాక్యం కొట్టెయ్. నమ్ముకుంటామన్నట్టు చేతులెత్తారు, అది నువ్వు చూశావు. అంతే రాయి. అతిథి అడిగితే మర్యాద కోసం చెయ్యెత్తేవాళ్లు కూడా ఉంటారు. మర్నాడే విమానం ఎక్కేవాళ్లకు లోపలి సంగతి ఎలా తెలుస్తుంది? అదోనిరామ్ జడ్సన్ అనే అమెరికన్ మిషనరీ 1813లో బర్మా చేరాడు. అక్కడ మొదటి బాప్తిస్మం ఇచ్చింది 1819లో. మధ్యలో ఆరేళ్లు భాష నేర్చుకోవడం, తర్జుమా చేసుకోవడం. ఒక్క రోజు గురించి రాసేవాడికి ఆ ఆరేళ్లు గుర్తుండాలి.

పేర్ల విషయంలో నేనొక తప్పు చేశాను. ఒక యాత్ర గురించి రాస్తూ, కొత్తగా నమ్ముకున్న ఒకాయన పేరు, ఊరు అన్నీ వేసేశాను. వారం తిరక్కుండా అక్కడి సంఘ కాపరి ఫోన్ చేశాడు. కోప్పడలేదు, తీసెయ్యమని బతిమాలాడు. మనం తిరిగొచ్చేస్తాం, వాళ్లు అక్కడే బతకాలి. కొన్ని దేశాల్లో టూరిస్ట్ వీసా మీద వెళ్లి ప్రసంగించడమే నేరం. అలాంటి చోట నీ వ్యాసమే ఎవరికైనా సాక్ష్యంగా పనికొస్తుంది. ఫొటోలు కూడా అందరికీ పంపకు. ముందు అక్కడివాళ్లను అడుగు.

రాత్రి రిపోర్టు రాసే భాగం తీసెయ్యచ్చు, దాంట్లో ఏమీ లేదు. కూటం భాగం మాత్రం మొదటి నుంచి రాసి పంపు. తర్జుమా చేసినాయన కూటం అయ్యాక ఎక్కడికి వెళ్లాడో, ఆయనకు ఎవరైనా మంచినీళ్లిచ్చారో లేదో గుర్తుంటే అదీ రాయి. గుర్తు లేకపోతే పాస్టరుగారిని అడిగి చూడు. ఆయనకూ గుర్తు లేకపోతే, ఆ మాటే రాయి.

నీ అన్నయ్య