రెండు ప్రాసెసర్ల కోసం అప్పు చేయాలా?

ప్రశ్న: ఖమ్మంలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. నా కంప్యూటర్‌లో రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు ఉన్నాయి. 4కే వీడియోల రెండరింగ్‌కు, అంటే ఎడిట్ చేసినదాన్ని తుది ఫైలుగా మార్చడానికి, చాలాసేపు పడుతోంది. రైజెన్ 9 5900ఎక్స్ వేయిస్తే కూలర్‌తో కలిపి 30 వేలు అవుతుందన్నారు. రెండు జియాన్ ఈ5-2680 వీ4 ప్రాసెసర్లున్న పాత వర్క్‌స్టేషన్ 70 వేలకు వస్తోంది. 16 శాతం వడ్డీకి రెండేళ్ల అప్పు తీసుకుని దాన్ని కొనవచ్చా?

జవాబు: వద్దండీ. రెండూ కలిపి 28 కోర్లు (ప్రాసెసర్ లోపల విడివిడిగా పనిచేసే భాగాలు) అనగానే మనసు అటు లాగడం సహజమే. కానీ అవి 2016 నాటివి, గరిష్ఠ వేగం 3.3 గిగాహెర్ట్జ్. 5900ఎక్స్‌లో ఉన్నవి 12 కోర్లే అయినా 4.8 వరకు వెళ్తాయి. పైగా ప్రాసెసర్లు రెట్టింపైతే సమయం సగానికి తగ్గదు. గంట పట్టే పనిలో సగం మాత్రమే ప్రాసెసర్ల మధ్య పంచుకోవడానికి వీలైనదైతే, మీకు ఆదా అయ్యేది పావుగంటే.

ఇక డబ్బు సంగతి. 70 వేలకు నెలవారీ వాయిదా దాదాపు 3,430 రూపాయలు, రెండేళ్లలో వడ్డీయే 12 వేలు దాటుతుంది. ఆషాఢంలోనూ, మూఢాల్లోనూ మీకు పెళ్లిళ్లు ఉండవు, వాయిదా మాత్రం ఆగదు. కరెంటు ఖర్చూ ఉంది. ఆ రెండు జియాన్ల రేటింగ్ 240 వాట్లు, 5900ఎక్స్‌ది 105. రోజుకు ఎనిమిది గంటలు పూర్తి భారంతో నడిస్తే నెలకు పాతిక పనిదినాల్లో 27 యూనిట్లు అదనం. మీ యూపీఎస్ ఆ బరువు మోస్తుందా అన్నది వేరే ప్రశ్న.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి. విండోస్ 10కు ఉచిత మద్దతు, అంటే భద్రతా అప్‌డేట్లు, 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారిక జాబితాలో ఈ జియాన్ లేదు. పార్టీల అడ్వాన్సులు జమయ్యే బ్యాంకు ఖాతాను కూడా మీరు ఆ కంప్యూటర్‌లోనే తెరుస్తారు కదా! రెండు ప్రాసెసర్లు పట్టే మదర్‌బోర్డు సీజన్ మధ్యలో పోతే ఖమ్మంలో మరొకటి దొరకడం కష్టం.

త్రీడీ యానిమేషన్ రెండరింగే మీ ప్రధాన వృత్తి అయితే ఇంత గట్టిగా వద్దనేవాణ్ణి కాదు. ఆ పనిని కోర్లు చక్కగా పంచుకుంటాయి.

అలాగని ఆ 30 వేలు కూడా వెంటనే తీయకండి. ఒక పెళ్లి ఫైలు రెండర్‌కు పెట్టి విండోస్‌లో ప్రాసెసర్ వాడకాన్ని చూపే టాస్క్ మేనేజర్ తెరవండి. ప్రాసెసర్ నూరు శాతం దగ్గర నిలిచి ఉంటే 5900ఎక్స్ కొనడం సబబే. నలభై, యాభై దగ్గరే తిరుగుతుంటే లోపం డిస్కులోనో, ర్యామ్‌లోనో, గ్రాఫిక్స్ కార్డులోనో ఉండవచ్చు. కొనేముందు మీ బోర్డు తయారీదారు జాబితాలో 5900ఎక్స్ ఉందో లేదో చూసి, పాత ప్రాసెసర్ తీయకముందే బయోస్ (మదర్‌బోర్డును నడిపే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయించండి. తీసేసిన 3600ను అమ్మితే కొంత వెనక్కి వస్తుంది.

సీజన్ అడ్వాన్సుల్లోంచి నెలకు ఐదు వేలు పక్కన పెడితే ఆరు నెలల్లో అప్పు లేకుండానే పని జరుగుతుంది. జీఎస్టీ నమోదు ఉంటే బిల్లు మీ స్టూడియో పేరుతో తీసుకోండి, కట్టిన 18 శాతం క్రెడిట్‌గా వాడుకోవచ్చు. పూర్తి లెక్కలు రాసి పన్ను కట్టేవారికి కంప్యూటర్లపై ఏటా 40 శాతం తరుగుదల వస్తుంది. టర్నోవరులో 6 లేదా 8 శాతాన్ని లాభంగా చూపే పద్ధతిలో ఉంటే అది విడిగా రాదు.