ఇంటర్‌సెప్టర్‌కి తెలుగు మాట

సందేహం: బెంగళూరులో జావా పని చేస్తున్నాను. కొత్తగా చేరిన మన తెలుగు పిల్లల కోసం స్ప్రింగ్ (జావాలో వెబ్ ప్రోగ్రాములు రాయడానికి వాడే ఫ్రేమ్‌వర్క్) మీద తెలుగులో నోట్సు రాస్తున్నాను. అందులో బయటినుంచి వచ్చే రిక్వెస్ట్‌ని దారిలోనే చూసే ఇంటర్‌సెప్టర్‌ని ఒకరు 'అంతరాయకం' అనమంటున్నారు, ఇంకొకరు 'అడ్డగింపరి' అంటున్నారు. ఏది సరైనది? – ఒక పాఠకుడు, మారతహళ్ళి

సమాధానం: 'అంతరాయకం' వద్దండి. సాగుతున్న పని చెడితే అంతరాయం. కరెంటు సరఫరాలో అంతరాయం అంటాం. ఇంటర్‌సెప్టర్ ఏ పనినీ చెడగొట్టదు. నిఘంటువు తెరవగానే కనబడిన మాటకి 'కం' తగిలించి పారిభాషిక పదం అనడం ఈమధ్య మరీ ఎక్కువైంది. 'అడ్డగింపరి' కొంత నయమే కానీ సగం పనే చెబుతుంది. ఇంటర్‌సెప్టర్‌లో ముందు నడిచే ప్రీహ్యాండిల్ అనే మెథడ్ ట్రూ అంటే రిక్వెస్ట్ ముందుకు పోతుంది. ఫాల్స్ అంటే దాన్ని అందుకుని పని చేసే కంట్రోలర్ దాకా పోదు, లాగిన్ పేజీకి పంపాలన్నా మరో జవాబివ్వాలన్నా ఆ ఇంటర్‌సెప్టరే చూసుకోవాలి. కంట్రోలర్ పని అయ్యాక పోస్ట్‌హ్యాండిల్ అనే ఇంకో మెథడ్ వంతు. అక్కడ వరస తిరగబడి చివరి ఇంటర్‌సెప్టర్‌ది మొదట నడుస్తుంది.

ఆపడం, పంపడం రెండూ చేసే మనిషి పేరు మనకు ఎప్పటినుంచో ఉంది: ప్రతీహారి. 'ప్రతి' ఉపసర్గ, 'హృ' ధాతువు, వెనక్కి పట్టి నిలపడమని భావం. అమరకోశంలో అమరసింహుడు ప్రతీహారుడికి పర్యాయపదాలు చెబుతూ ద్వారపాలుడు, ద్వాఃస్థుడు, ద్వాఃస్థితుడు అని, చివర 'దర్శకుడు' అన్నాడు. అంటే రాజదర్శనం చేయించేవాడు. ఆపేవాడూ చూపించేవాడూ ఒక్కడే! ఈ మాటే ప్రాకృతం మీదుగా తెలుగులో పడిహారి అయింది, మీరున్న ఊరి కన్నడంలో పడియర అయింది.

పోతన భాగవతం తృతీయ స్కంధం తీయండి. సనకాదులు వైకుంఠంలో ఆరు వాకిళ్ళు దాటి ఏడో వాకిట జయవిజయుల చేతిలో ఆగిపోయారు. ఆరు ట్రూలు, ఒక ఫాల్స్. ఇంటర్‌సెప్టర్ల వరసను పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి కథ నాకు తోచదు. అక్కడ కావలి ఉండడం తప్పు కాదు, ఎవరిని ఆపకూడదో తెలియకపోవడం తప్పు. ఏ దారులకు ఇంటర్‌సెప్టర్ అడ్డు రాకూడదో చెప్పే ఎక్స్‌క్లూడ్ పాత్ ప్యాటర్న్స్‌లో మీరు రాసేది సరిగ్గా ఆ వివరమే.

రిక్వెస్ట్‌ని నేనైతే 'విన్నపం' అంటాను. విజ్ఞాపనానికి తద్భవం, పడిహారికి ఈడైన జోడు. 'అభ్యర్థన అంతరాయకం ద్వారా పరిశీలించబడుతుంది' అని రాసేవాళ్ళు ఒకసారి ఆ వాక్యాన్ని పైకి చదివి చూడాలి. 'పడిహారి విన్నపాన్ని చూసి లోపలికి పంపుతాడు' అంటే ఎవరికి అర్థం కాదు?

కోడ్‌లోనూ ఇంటర్వ్యూలోనూ ఇంటర్‌సెప్టర్ అనే అనండి. నోట్సులో మాత్రం మొదటిసారి 'పడిహారి' అని పరిచయం చేయండి. పిల్లల నోట పలికితే ఉంచండి, లేదంటే 'అడ్డగింపరి' అన్నా నేను కాదనను. 'అంతరాయకం' మాత్రం కొట్టేయండి.