కమిటీ ముందు చెప్పిన మాట ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న: ఎల్‌ఎల్‌ఎం పరిశోధనకి, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితను తీసుకున్నాను. ఆ బిల్లు మీద పార్లమెంటు స్థాయీ సంఘం (బిల్లులను పరిశీలించే ఎంపీల కమిటీ) ముందు నిపుణులు ఏం చెప్పారో కావాలి. స్థాయీ సంఘాల మినిట్స్ (సమావేశ వివరాల నమోదు) చివర 'చర్చను మాటకు మాట రికార్డు చేశారు' అన్న వాక్యం కనిపిస్తూ ఉంటుంది. ఆ రికార్డు ఎక్కడుంటుంది? ఆర్టీఐ పెడితే ఇస్తారా?

జవాబు: రికార్డు ఉంటుంది, మీ చేతికి మాత్రం రాదు. అమెరికాలో కమిటీ విచారణలు చాలావరకు బహిరంగం, వాటిని అచ్చు కూడా వేస్తారు. ఆ దేశపు పరిశోధన పుస్తకాలు చదివి ఇక్కడా అదే వెతకబోతే రోజులు వృథా అవుతాయి. మన దగ్గర కమిటీ సమావేశాలకు తలుపులు మూసే ఉంటాయి. లోక్‌సభ నియమాల్లో 266 చెప్పేది అదే. సభ ముందుంచని సాక్ష్యాన్ని స్పీకర్ అనుమతి లేకుండా ఎవరూ చూడకూడదని 275 చెబుతుంది. మీకు కావలసిన హోం వ్యవహారాల సంఘం రాజ్యసభ సచివాలయం కింద నడుస్తుంది. అక్కడి పద్ధతీ ఇదే. ఆర్టీఐ పెడితే సభాహక్కుల భంగం కిందకొస్తుందని సెక్షన్ 8(1)(సి) చూపించి తిప్పి పంపుతారు.

కాబట్టి సాక్ష్యాన్ని నివేదికలోనే ఏరుకోవాలి. సంసద్ డాట్ ఇన్‌లో రాజ్యసభ భాగానికి వెళ్లి, కమిటీలు, శాఖా సంబంధిత స్థాయీ సంఘాలు, హోం వ్యవహారాలు, నివేదికలు అనే వరసలో దిగండి. 246వ నివేదిక న్యాయ సంహిత మీద, 247 నేర విచారణ పద్ధతి చెప్పే నాగరిక్ సురక్షా సంహిత మీద, 248 సాక్ష్యాల నియమాలు చెప్పే సాక్ష్య అధినియమం మీద. మూడూ 2023 నవంబరులో వచ్చాయి.

నివేదికను మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టకండి. ముందు మినిట్స్ తెరవండి. ఏ తేదీన ఎవరు హాజరయ్యారో అక్కడ ఉంటుంది. ఆ పేర్లు కాగితం మీద రాసుకుని, క్లాజులవారీ (చట్టంలో సెక్షన్ అనేదాన్ని బిల్లులో క్లాజు అంటారు) చర్చ ఉన్న అధ్యాయాల్లోకి వెళ్లండి. సాధారణంగా ఒక్కో క్లాజు కింద వచ్చిన సూచన, దానికి ప్రభుత్వం ఇచ్చిన సమాధానం, సంఘం అభిప్రాయం కనిపిస్తాయి. సూచన ఎవరిదో పేరు చెప్పని చోట 'ఫలానా నిపుణుడు అన్నారు' అని మీరు రాయకూడదు, 'సంఘం ముందుకు వచ్చిన సూచన' అని ఆగిపోవాలి. సంఘంతో విభేదించిన సభ్యులు రాసే అసమ్మతి పత్రాలను తప్పకుండా చదవండి. సంఘం పక్కన పెట్టిన వాదనలు బయటపడేది ఎక్కువగా అక్కడే.

అసలు చిక్కు ఇంకొకటుంది. ఆ నివేదిక పరిశీలించింది 2023 ఆగస్టు 11న ప్రవేశపెట్టిన బిల్లుని. డిసెంబరులో దాన్ని వెనక్కి తీసుకుని కొత్త బిల్లు పెట్టారు, చట్టమైంది ఆ రెండోదే. పాత బిల్లులో 356 క్లాజులు, చట్టంలో 358 సెక్షన్లు. నివేదికలోని క్లాజు నంబరునే సెక్షన్ నంబరుగా వాడితే సిద్ధాంత వ్యాసం అక్కడే దెబ్బతింటుంది. ఆగస్టు బిల్లు, డిసెంబరు బిల్లు, చట్టం మూడూ పక్కపక్కన పెట్టుకుని పోల్చండి. సిఫారసు చేసినంత మాత్రాన అది చట్టంలోకి వచ్చినట్టు కాదు. 2018లో సుప్రీంకోర్టు కొట్టేసిన వ్యభిచార నేరాన్ని స్త్రీ పురుషులిద్దరికీ వర్తించేలా మళ్లీ పెట్టమని సంఘం సూచించింది. చట్టంలో అది లేదు.

ప్రశ్న: ఒక తీర్పులో 'స్థాయీ సంఘం 22వ నివేదిక' అని ఉంది. తెరిచి చూస్తే విషయమే వేరు. తప్పు తీర్పుదా, నాదా?

జవాబు: బహుశా ఇద్దరిదీ కాదు. ఇప్పుడున్న 24 సంఘాల్లో 16 లోక్‌సభ సచివాలయం కింద, 8 రాజ్యసభ సచివాలయం కింద పనిచేస్తాయి. లోక్‌సభ వైపు సంఘాలకు కొత్త లోక్‌సభ రాగానే నివేదికల సంఖ్య మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. అందుకే ఒకే సంఘానికి 22వ నివేదికలు నాలుగైదు ఉండొచ్చు. రాజ్యసభ రద్దు కాదు గనుక అటువైపు సంఖ్య పెరుగుతూనే పోతుంది. పైగా, ప్రభుత్వం తీసుకున్న చర్యల మీద ఇచ్చే నివేదికలకూ అదే వరసలో నంబరు పడుతుంది. సంఘం పేరు, ఎన్నో లోక్‌సభ, నివేదిక సంఖ్య, సభకు సమర్పించిన తేదీ నాలుగూ కలిపి వెతకండి. పేర్లు మారిన సంఘాలూ ఉన్నాయి. మానవ వనరుల అభివృద్ధి సంఘం ఇప్పుడు విద్య, మహిళలు, శిశువులు, యువజన, క్రీడల సంఘం.

ఈ సంఘాలు మొదలైంది 1993లో. అంతకుముందు బిల్లుల కోసం సెలెక్ట్ కమిటీలు, సంయుక్త కమిటీలు చూడాలి. వాటిలో కొన్ని సాక్ష్యాన్ని విడి సంపుటాలుగా అచ్చు వేసి సభ ముందుంచాయి. ప్రశ్న, జవాబు, సాక్షి పేరు, అన్నీ ఉంటాయి. మీకు నిజంగా పండగ అక్కడే. పార్లమెంట్ డిజిటల్ లైబ్రరీలో బిల్లు పేరు ఒక్కటే ఇచ్చి వెతకండి. పాతవి స్కాన్ చేసిన పేజీలు, పీడీఎఫ్‌లో మాట కొట్టి వెతికితే చాలాసార్లు ఏమీ రాదు. అంతమాత్రాన ఆ మాట లేదనుకోవద్దు, విషయసూచిక పట్టుకుని కళ్లతోనే చదవాలి.

ప్రశ్న: ఇలాంటి నివేదికను కోర్టులో చూపించవచ్చా?

జవాబు: చూపించవచ్చు. కల్పనా మెహతా కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2018 మే 9న ఈ సంగతి తేల్చింది. నివేదిక ఉందని కోర్టు విడిగా రుజువు అడగకుండా తనంతట గుర్తించవచ్చు, చట్టానికి అర్థం చెప్పేటప్పుడు సాయం తీసుకోవచ్చు. నివేదిక తప్పని సవాలు చేయడం మాత్రం కుదరదు. ఇలా తనంతట గుర్తించడం గురించి చెప్పిన అప్పటి సాక్ష్య చట్టం సెక్షన్ 57 స్థానంలో ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 52 ఉంది. ఎదుటివారు కాదంటున్న సంగతిని 'నివేదికలో రాశారు' అని రుజువు చేయలేరు, దానికి మీ సాక్ష్యం మీరు తెచ్చుకోవాలి. దాఖలు చేసేటప్పుడు అట్ట పేజీ, సమర్పించిన తేదీ ఉన్న పేజీ, మీకు కావలసిన పేరా ముందూ వెనకా పేజీలు జతచేయండి. పీడీఎఫ్ పేజీకీ అచ్చు పేజీకీ తేడా వస్తుంది కాబట్టి పేజీ సంఖ్య కాకుండా పేరా సంఖ్య ఇవ్వండి.