అరవలేదంటే ఒప్పుకున్నట్టా?

ప్రశ్న: మాది విశాఖ. ఐదు నెలల కిందట, చెల్లెలు (24) పనిచేసే ఇంట్లో గొలుసు పోయిందని విచారణకు రాత్రి స్టేషన్‌కు పిలిచారు. నన్ను బయట కూర్చోబెట్టి, లోపల ఎస్సై ఆమెపై అత్యాచారం చేశాడు. భయంతో నోరు మెదపలేదు. తర్వాత ‘ఇష్టపడే కదా, గొడవెందుకు’ అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. కడుపు మండి డిలీట్ చేశాను. అరెస్టు చూపలేదు, ఆమె అరవలేదు కాబట్టి కేసు నిలవదంటున్నారు. ఒక పెద్దమనిషి ఐదు లక్షలిప్పిస్తా, బాండు పేపరు మీద సంతకం పెట్టమంటున్నాడు. అమ్మ మంచం పట్టింది. ఏం చేయాలి?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. కేసును తేల్చే మాట అందులో ఒక్కటే: ‘స్టేషన్ లోపల’.

భారతీయ న్యాయ సంహిత 64(2) కింద, పోలీసు అధికారి స్టేషన్ ఆవరణలో ఈ నేరం చేస్తే చాలు. అరెస్టు చూపారా లేదా అన్నదానితో పని లేదు. కనీస శిక్ష పదేళ్లు. కలయిక రుజువై, ‘నాకు ఇష్టం లేదు’ అని మీ చెల్లెలు కోర్టులో చెబితే, భారతీయ సాక్ష్య అధినియం 120 ప్రకారం సమ్మతి లేదనే కోర్టు భావించాలి. కాదని చూపించుకోవాల్సింది ఎస్సై. మహారాష్ట్రలో మథుర అనే ఆదివాసీ అమ్మాయి అరవలేదనీ, ఒంటి మీద గాయాలు లేవనీ 1978లో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులను వదిలేసింది. దేశమంతా మండిపడ్డాక 1983లో చట్టం మార్చారు. ఎదురు తిరగనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని ఇప్పుడు చట్టంలోనే ఉంది.

అంటే మీరు రుజువు చేయాల్సింది కలయిక. ‘ఇష్టపడే కదా’ అన్నవాడు దాన్ని ఒప్పుకున్నట్టే! అలాంటి మెసేజ్‌ను చేజేతులా చెరిపేశారు, ఏమనాలి మిమ్మల్ని? ఆ ఫోన్ అమ్మకండి, రీసెట్ చేయకండి. ఫోరెన్సిక్ వాళ్లు తీసే అవకాశం ఉంది. ఉతకని బట్ట ఏదైనా మిగిలి ఉంటే ప్లాస్టిక్ కవర్లో కాక కాగితంలో చుట్టి పెట్టండి. మన ఏజెన్సీలోని వాకపల్లి కేసు గుర్తుందా? పోలీసులు అత్యాచారం చేశారని ఆదివాసీ మహిళలు చేసిన 2007 నాటి ఆరోపణల మీద 2023లో విశాఖ కోర్టు, దర్యాప్తు లోపాలు ఎత్తిచూపుతూ నిందితులను వదిలేసింది.

ఈ నేరానికి ఫిర్యాదు గడువంటూ లేదు. కెమెరాకు ఉంది. స్టేషన్ల సీసీటీవీ ఫుటేజీ పద్దెనిమిది నెలలు ఉంచాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అది చెరిపేయకుండా భద్రపరచమని కమిషనర్‌కు ఈ వారమే రిజిస్టర్డ్ పోస్టులో రాయండి, రసీదు దాచండి.

ఆ బాండు పేపరు ముట్టుకోవద్దు. ఇది రాజీపడే నేరం కాదు. డబ్బు తీసుకున్నా కేసు పోదు, కానీ ఆ సంతకం క్రాస్ ఎగ్జామినేషన్‌లో మీ చెల్లెలి ముఖాన పెడతారు.

ఆ స్టేషన్‌కు వెళ్లకండి. ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ (నేరం తమ పరిధిలో జరగకపోయినా నమోదు చేసే కేసు) ఇవ్వొచ్చు. ఐదు నెలలు ఎందుకు ఆగారో, ఎవరు బెదిరించారో మొదటి ఫిర్యాదులోనే రాయించండి. తర్వాత చెబితే కల్పించారంటారు. కేసు కట్టకపోతే కమిషనర్‌కు, ఆపై మేజిస్ట్రేట్‌కు ఫిర్యాదు చేయండి. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది. రేపే వెళ్లండి, ఆ ఫోన్ వెంట తీసుకెళ్లండి.