పాఠకుల సందేహాలు: కలంకారీ గీత, వీణ తీగ, వయసు మళ్ళిన కుక్క

మధుమేహం ఉన్న ఇళ్ళలో చేతిపనుల గురించి, పెంపుడు జంతువుల సంరక్షణ గురించి అడిగిన ఉత్తరాలు ఈ నెల చాలానే వచ్చాయి. వాటిలో మూడింటిని ఎంచుకున్నాను. మొదటి ఉత్తరంలోని సంగతులు ఎక్కువ ఇళ్ళకు పనికివచ్చేవి కనుక దానికే ఎక్కువ చోటు ఇచ్చాను.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నాకు 64 ఏళ్ళు. ఉపాధ్యాయినిగా పనిచేసి విరమించాను. చాలాకాలంగా చక్కెర వ్యాధి ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ మాత్రలు వేసుకుంటున్నాను. పుట్టిల్లు శ్రీకాళహస్తి కావడం వల్ల చిన్నప్పుడే కలంకారీ అబ్బింది, ఇప్పుడు తీరిక దొరికి మళ్ళీ కలం పట్టాను. నేలమీద బట్ట పరుచుకుని కూర్చుంటే భోజనం సంగతి కూడా గుర్తుండదు. ఈ మధ్య మధ్యాహ్నం ఒంటిగంట దాటేసరికి చెయ్యి వణికి, చెమట పట్టి, గీత చెదిరిపోతోంది. దీనికి తోడు మా 11 ఏళ్ళ లాబ్రడార్ కుక్క రాణికి కూడా మధుమేహమని తేలింది. రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ చెయ్యాలన్నారు. మావారు పెన్ను ద్వారా ఇన్సులిన్ తీసుకుంటారు. ఆ మందే రాణికి వాడవచ్చా? బొమ్మలు వెయ్యడం మానెయ్యమని అబ్బాయి, రాణిని ఎక్కడైనా శరణాలయంలో వదలమని కోడలు అంటున్నారు. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు, త్యాగరాయనగర్, చెన్నై

సమాధానం: అమ్మా, మీరు బొమ్మలు వెయ్యడం మానవలసిన పని లేదు, రాణిని ఎక్కడికీ పంపవలసిన పని అంతకంటే లేదు. మానవలసినది మధ్యాహ్న భోజనాన్ని వాయిదా వెయ్యడం ఒక్కటే. మీ చేతి వణుకు వయసువల్ల వచ్చినదని మీవారు అనుకుంటూ ఉండవచ్చు గాని, మీరు చెప్పిన వేళనూ చెమటనూ బట్టి చూస్తే, రక్తంలో చక్కెర పడిపోవడమే కారణమని నాకు బలంగా అనిపిస్తోంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ ఇబ్బంది అరుదు. గ్లిమిపిరైడ్ పద్ధతి వేరు: మీరు తిన్నా తినకపోయినా అది క్లోమగ్రంథిచేత ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుంది. ఉదయం మాత్ర వేసుకుని, పలహారం చేసి, మధ్యాహ్నం అన్నం వేళ దాటించి బొమ్మలో మునిగిపోయినప్పుడు, లోపల మందు పనిచేస్తూనే ఉంటుంది, దానికి తగిన ఆహారం మాత్రం అందదు.

ఈసారి వణుకు రాగానే కలం పక్కన పెట్టి గ్లూకోమీటరుతో పరీక్షించుకోండి. అయితే దానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కుని పొడిగా తుడుచుకోవడం మీ విషయంలో మరీ ముఖ్యం. కలంకారీ నల్లరంగును బెల్లం, ఇనుపముక్కలు నీళ్ళలో ఊరబెట్టి తీస్తారని మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ తీపి అంటు వేలికొనమీద ఏ కాస్త మిగిలి ఉన్నా మీటరు ఉన్నదానికంటే ఎక్కువ అంకె చూపించవచ్చు; అప్పుడు 60 ఉన్న చక్కెర మంచి అంకెగా కనబడి, మీరు ధైర్యంగా పనిలో కూర్చుండిపోయే ప్రమాదం ఉంది. కడిగిన చేతితో చూసినప్పుడు 70 మిల్లీగ్రాములకంటే తక్కువ వస్తే 15 గ్రాముల గ్లూకోజు, అంటే సుమారు మూడు టీస్పూన్ల గ్లూకోజు పొడి నీళ్ళలో కలుపుకుని తాగండి. గ్లూకోజు లేకపోతే అరగ్లాసు పళ్ళరసమైనా సరే. లడ్డూ, చాక్లెట్టు వంటివాటిలోని నెయ్యి, కొవ్వు చక్కెరను త్వరగా రక్తంలోకి చేరనివ్వవు కనుక ఆ సమయానికి అవి పనికిరావు. పావుగంట ఆగి మళ్ళీ చూసుకుని, ఇంకా 70 దాటకపోతే మరొకసారి అంతే గ్లూకోజు తీసుకుని, దాటిన తరువాత భోజనం చెయ్యండి. మీటరు తెచ్చుకునేంత ఓపిక లేనప్పుడు పరీక్ష కోసం ఆగకుండా ముందు గ్లూకోజు తాగాలి. ఒకవేళ వణుకు వచ్చిన ప్రతిసారీ అంకె మామూలుగానే ఉంటే, అప్పుడు థైరాయిడ్, నరాల సమస్యల వైపు చూడవలసి ఉంటుంది.

ఇలా పడిపోవడం ఒకటికి రెండుసార్లు జరిగినా మీ వైద్యులకు తప్పక చెప్పండి. గ్లిమిపిరైడ్ మోతాదు తగ్గించవలసి రావచ్చు, లేదా మందే మార్చవలసి రావచ్చు. మూత్రపిండాల పనితీరు తగ్గినవారిలో ఈ మందువల్ల చక్కెర పడిపోవడం ఎక్కువ కనుక క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించండి. ఇంకొక సంగతి మీరు మనసులో పెట్టుకోవాలి. చాలా ఏళ్ళుగా మధుమేహం ఉన్నవారికి కొంతకాలానికి ఈ వణుకు, చెమట వంటి హెచ్చరికలే రాకుండా పోతాయి. అప్పుడు నేరుగా మాట తడబడడం, స్పృహ తప్పడం జరుగుతుంది. కాబట్టి హెచ్చరిక కోసం ఎదురుచూడకుండా పన్నెండున్నరకు ఫోనులో అలారం పెట్టుకుని, బట్టమీద సగం గీసిన బొమ్మ ఎంత ఊరిస్తున్నా లేచి అన్నం తినండి. కరక్కాయ పట్టించిన బట్టమీద పడిన నల్లగీతను చెరపడానికి వీలుండదు కదా, ఆకలిమీద గీసిన గీతను మీరే తరువాత చూసుకుని బాధపడతారు.

ఇక రాణి సంగతి. కుక్కలకు వచ్చే మధుమేహంలో క్లోమం ఇన్సులిన్ తయారుచేయడం దాదాపుగా మానేస్తుంది కనుక వాటికి మనలాగా మాత్రలతో నడవదు, ఇన్సులిన్ తప్పదు. మీవారి పెన్నులోని మందును రాణికి ఎట్టి పరిస్థితులలోనూ వాడకండి. మనుషుల ఇన్సులిన్‌లో కొన్ని రకాలను పశువైద్యులు కుక్కలకు వ్రాసిన సందర్భాలు ఉన్న మాట నిజమే గాని, రకమూ మోతాదూ వారే నిర్ణయించాలి. పైగా ఇక్కడ ఇంకొక చిక్కు ఉంది. మన దేశంలో సీసాలలో దొరికే ఇన్సులిన్ చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్ల బలంతో ఉంటుంది, దానికి ఎర్రమూత సిరంజి వాడాలి. పెన్నులలో ఉండేది సాధారణంగా 100 యూనిట్ల బలం. పెన్నులోని మందును ఎర్రమూత సిరంజిలోకి లాగి, అదే గీతవరకు కొలిచి ఇస్తే, రాణి ఒంట్లోకి వెళ్ళేది రెండున్నర రెట్ల మోతాదు. ఆ పొరపాటు కుక్క ప్రాణం తీయగలదు. అందుకని ఫ్రిజ్‌లో రాణి మందుకు వేరే డబ్బా పెట్టి, దానిమీద పెద్ద అక్షరాలతో పేరు వ్రాసి, దాని సిరంజిలను కూడా మీవారి సూదులతో కలవకుండా దూరంగా ఉంచండి. వాడిన సూదులు చెత్తబుట్టలో కాకుండా గట్టి ప్లాస్టిక్ సీసాలో వెయ్యాలి.

రాణికి పన్నెండు గంటల తేడాతో, ఉదయం ఏడింటికి, సాయంత్రం ఏడింటికి అనుకుందాం, ముందు తిండి పెట్టి, అది తిన్న తరువాతనే సూది వెయ్యండి. తిండి ముట్టని పూట మామూలు మోతాదు వెయ్యకూడదు, పశువైద్యులకు ఫోను చేసి అడగాలి. రాణి తూలినా, నీరసంగా కూలబడినా, వణికినా చక్కెర పడిపోయిందని అనుమానించి చిగుళ్ళకు తేనె గాని గ్లూకోజు నీళ్ళు గాని రాసి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. మూర్ఛ వచ్చినప్పుడు మాత్రం నోట్లో చెయ్యి పెట్టకూడదు, నీళ్ళు పొయ్యకూడదు. 1903లో ప్రారంభమైన మద్రాసు పశువైద్య కళాశాలకు అనుబంధంగా వేపేరిలో ఉన్న ఆసుపత్రి మీకు మరీ దూరం కాదు. రాణికి గర్భసంచి ఆపరేషన్ చేయించారో లేదో మీరు వ్రాయలేదు. చేయించకపోతే ఆ విషయం పశువైద్యులతో తప్పక మాట్లాడండి. ఎదకు వచ్చిన తరువాత ఆడకుక్క ఒంట్లో పెరిగే ప్రొజెస్టిరాన్ హార్మోను ఇన్సులిన్‌ను సరిగా పనిచెయ్యనివ్వదు.

మధుమేహం ఉన్న కుక్కలలో చాలావాటికి ఏడాది తిరిగేలోపే కంటిశుక్లాలు వచ్చి చూపు మందగిస్తుంది. రాణికి కూడా ఆ రోజు వస్తుందనుకుని ఇప్పటినుంచే ఇల్లు సిద్ధం చేసుకోవడం మంచిది: సామాను చోటు మార్చకండి, నున్నటి టైల్స్ మీద అది నడిచే దారి పొడుగునా జారని చాపలు పరవండి, నీళ్ళగిన్నె ఎప్పుడూ ఒకేచోట ఉంచండి. మీ రంగుల గిన్నెలు, పటిక నీళ్ళు నేలమీద ఉంటే చూపు తగ్గిన కుక్క వాటిని తన్నేస్తుంది, దాహం ఎక్కువైన కుక్క తాగేస్తుంది. ఈ కారణానికే కాకుండా మీ కాళ్ళ కోసం కూడా ఒక ఎత్తైన బల్లమీద బట్ట పరుచుకుని కుర్చీలో కూర్చుని గీయడం అలవాటు చేసుకోమని కోరుతున్నాను. గంటల తరబడి బాసింపట్టు వేసుకుని కూర్చుంటే మోకాలి పక్కన ఉండే నరం నొక్కుకుపోతుంది, మధుమేహం ఉన్నవారి నరాలు ఆ ఒత్తిడిని తట్టుకోలేవు. కుర్చీలో కూర్చున్నా అరగంటకు ఒకసారి లేచి వంటింటిదాకా నడిచి రండి. ఇంట్లో కూడా ఎం.సి.ఆర్. చెప్పులు (మైక్రోసెల్యులర్ రబ్బరుతో చేసిన మెత్తటి చెప్పులు) వేసుకోండి, ఇద్దరికి ఇన్సులిన్ సూదులు వాడే ఇంట్లో ఉత్త కాళ్ళతో తిరగడం మంచిది కాదు. రాత్రి పడుకునే ముందు అరికాళ్ళను అద్దంలో చూసుకుని, రాణి గోళ్ళు గీసుకున్న గాటు ఏదైనా ఉంటే సబ్బుతో బాగా కడిగి వైద్యులకు చూపించండి, ఆ గాటును రాణి నాకకుండా చూడండి.

రాణితో వీధిలో నడవడాన్ని మీ వ్యాయామంగా లెక్క వేసుకోకండి. ముసలి కుక్క పది అడుగులకు ఒకసారి ఆగుతుంది, ఆగనివ్వాలి కూడా. చెన్నై ఎండలకు రోడ్డు కాలకముందే దానిని తిప్పి తెచ్చి, పలహారం తరువాత మీరు విడిగా ఒక అరగంట పానగల్ పార్కులో చురుకుగా నడవండి. (ఆ పార్కు పేరులో ఉన్న పానగల్ రాజా పానగంటి రామరాయనింగారు మీ కాళహస్తి వారే. 1921 నుంచి 1926 వరకు మద్రాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రిగా ఉన్నారు.)

మీ అబ్బాయికి, కోడలికి ఒక మాట. అమ్మకు పని తగ్గించాలన్న మీ ఆలోచన మంచిదే గాని, పదకొండేళ్ళు ఒకే ఇంట్లో మెలిగి, ఇప్పుడు రోజుకు రెండు సూదులు కావలసిన కుక్కను కొత్తచోట దించి రావడం మీకు సమ్మతమేనా అని ఆలోచించండి. మీరిద్దరిలో ఒకరు పశువైద్యుల దగ్గర ఒక పూట కూర్చుని సూది వెయ్యడం నేర్చుకుంటే, అమ్మకు జ్వరం వచ్చిన రోజున ఇల్లు ఇబ్బంది పడదు.

ప్రశ్న: నాకు 52 ఏళ్ళు, చక్కెర వ్యాధి ఉంది. మైలాపూరులో పిల్లలకు వీణ నేర్పుతాను. కొన్ని వారాలుగా ఎడమచేతి నడిమివేలు పొద్దున లేవగానే వంగినచోటే పట్టేసి, లాగితే టక్కుమని విడుస్తోంది. మార్గళి (ధనుర్మాసం) కచేరీలు దగ్గరపడుతున్నాయి. రోజూ వేళ్ళు గుచ్చుకుని పరీక్ష చేసుకోవడం వల్ల ఇలా అయిందా?
– ఒక వీణ ఉపాధ్యాయిని

సమాధానం: గుచ్చుకోవడం వల్ల కాదమ్మా. దీనిని ట్రిగ్గర్ ఫింగర్ అంటారు. వేలిని ముడిచే స్నాయువు ఒక సన్నని తొడుగులోనుంచి జారుతూ ఉంటుంది. ఆ తొడుగు మందమైతే స్నాయువు అక్కడ ఇరుక్కుంటుంది. ఏళ్ళ తరబడి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉన్నవారిలో కొల్లాజెన్ (స్నాయువులలో, కీళ్ళలో ఉండే మాంసకృత్తి) బిరుసెక్కడం వల్ల ఇది, భుజం పట్టేయడం, మణికట్టు దగ్గర నరం నొక్కుకోవడం మామూలు వారికంటే ఎక్కువగా కనిపిస్తాయి. రెండు అరచేతులనూ నమస్కారంలా కలిపి చూడండి. వేళ్ళు పూర్తిగా ఆనకుండా మధ్యలో సందు మిగిలితే మిగతా కీళ్ళు కూడా బిగుస్తున్నాయని అర్థం. సాధన పూర్తిగా ఆపకండి. ఉదయం గోరువెచ్చని నీళ్ళలో చేతులు ఉంచి, వేళ్ళు సాగిన తరువాతనే వీణ ముట్టుకుని, గమకం కోసం తీగను గట్టిగా లాగే సాధనను కొన్ని వారాలు తగ్గించండి. తగ్గకపోతే ఎముకల వైద్యులు తొడుగులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. చాలామందికి దానితో నయమవుతుంది, కాని తరువాత కొన్ని రోజులపాటు చక్కెర పెరుగుతుంది కనుక కచేరీకి ముందు రోజున కాకుండా తగిన వ్యవధి ఉంచుకుని చేయించుకోండి. పరీక్షకు మాత్రం ఉంగరపు వేళ్ళను ఎంచుకుని, కొనమీద కాకుండా పక్కన గుచ్చుకోండి. వీణలో మెట్లమీద నొక్కేదీ తీగ మీటేదీ చూపుడువేలు, నడిమివేలే కదా, వాటిని వదిలివేయడం మంచిది.

ప్రశ్న: నాన్నగారికి చక్కెర వ్యాధి. చక్కెర లేని చూయింగ్ గమ్, మిఠాయిలు ఇంట్లో ఉంటాయి. మా ముసలి పొమెరేనియన్ వాటికోసం ఆశగా చూస్తుంది. చక్కెర లేనివే కనుక పెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, వేళచ్చేరి

సమాధానం: పెట్టకూడదు. చక్కెర లేని చూయింగ్ గమ్‌లలో, కొన్ని మిఠాయిలలో తీపి కోసం జైలిటాల్ వాడతారు. ప్యాకెట్టుమీద ఇ967 అని కూడా వ్రాస్తారు. మీ నాన్నగారికి దానితో ప్రమాదం లేదు. కుక్క శరీరం మాత్రం దానికి స్పందించి ఒక్కసారిగా చాలా ఇన్సులిన్‌ను విడుదల చేస్తుంది. గంటలోపే చక్కెర పడిపోయి కుక్క తూలడం, వాంతి చేసుకోవడం, మూర్ఛపోవడం జరగవచ్చు. ఆ తరువాత కాలేయం కూడా దెబ్బతినవచ్చు. చిన్న జాతి కుక్కకు ఒకటి రెండు బిళ్ళలే ఈ ప్రమాదం తేవడానికి చాలు. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్టు, నాన్నగారి మాత్రల డబ్బా కూడా దానికి అందని ఎత్తున ఉంచండి. ఎప్పుడైనా పొరపాటున తిన్నదని తెలిస్తే లక్షణాలు కనిపించేదాకా ఆగకుండా, ఇంట్లో ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించే ప్రయత్నాలు చెయ్యకుండా, వెంటనే పశువైద్యుల దగ్గరకు తీసుకువెళ్ళండి. అది తిన్నదాని రేపరును కూడా వెంట పట్టుకెళితే, ఎంత తిన్నదో, అందులో ఏముందో వారికి అక్కడికక్కడే తెలుస్తుంది.