‘లేవు’ అన్నచోట కాస్త ఆగు

చిట్టితల్లికి,
పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్రోగ్రాం చూశాను. వై గానీ ఎన్ గానీ నొక్కేదాకా అడుగుతూ ఉండాలని రాశావు. ఏది నొక్కినా ఆగట్లేదని టెన్షన్ పడుతున్నావు. ‘వై కాకపోతే ఆర్ ఎన్ కాకపోతే మళ్లీ అడుగు’ అని పెట్టావు మరి. వై నొక్కితే అది ఎన్ కాదు, ఎన్ నొక్కితే వై కాదు. షరతు ఎప్పుడూ నిజమే. ఆర్ అంటే ఏ ఒక్కటి నిజమైనా చాలు, అండ్ అంటే రెండూ నిజం కావాలి. ఆర్ తీసి అండ్ పెట్టు.

సిగ్గుపడకు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ జీతాల ప్రోగ్రాంలో ‘కోడ్ నాట్ ఈక్వల్ పీ ఆర్ డీ’ అని కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో రాశాను. చదివితే ఎంత సాఫీగా ఉందో! కానీ అదీ నీ షరతులాగే ఎప్పుడూ నిజమే. ఆఫీసులో అందరం తప్పుల జాబితాలోకి ఎక్కాం, నాతో సహా.

మనల్ని ముంచేది చెవి. ఇంట్లో ‘పాలూ పెరుగూ లేవు’ అంటాం. ‘ఊ’ వినిపించింది కదా అని ‘నాట్’ (కాదు) పెట్టి బ్రాకెట్లో ‘పాలు అండ్ పెరుగు’ అని రాశావనుకో, పాలుండి పెరుగు మాత్రమే లేకపోయినా అది నిజమైపోతుంది. బ్రాకెట్లో ఉండాల్సింది ఆర్. నాట్‌ను లోపలికి తీసుకెళ్తే ఆర్ అండ్ అవుతుంది, అండ్ ఆర్ అవుతుంది. ఈ సూత్రాలకు పేరిచ్చిన గణితవేత్త డిమోర్గన్ 1806లో పుట్టింది మన పక్కనే, మదురైలో. మీ క్లాసులో చెప్పారో లేదో.

అనుమానం వస్తే పైకి చదువుకోకు, ఏది నిజమైతే, ఏది అబద్ధమైతే ఏమవుతుందో కాగితం మీద పట్టిక గియ్యి. రెండు షరతులకు నాలుగు వరుసలు, మూడింటికి ఎనిమిది. ఐదుంటే 32. అంతదాకా వస్తే షరతునే ముక్కలు చేసి ఒక్కో ముక్కకు ఒక పేరు పెట్టుకో.

ఇంకొకటి. పుస్తకంలో ఆర్‌కి ప్లస్ గుర్తు వేస్తారు. అక్కడ 1 అంటే నిజం, 0 అంటే అబద్ధం, 1+1 అంటే 1 మాత్రమే. ఈ లెక్కకు ఆద్యుడైన జార్జ్ బూల్ 1854లో అచ్చేసిన పుస్తకంలో అలా లేదు, తర్వాతివాళ్లు మార్చారు. ఆయన పట్టుకున్నది వేరు: ఎక్స్‌ని ఎక్స్‌తో గుణిస్తే ఎక్సే రావాలి. అలా వచ్చే అంకెలు 0, 1 రెండే.

ఈ లెక్కతోనే రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) సర్క్యూట్లు గీయొచ్చని 1937లో క్లాడ్ షానన్ అనే అమెరికన్ విద్యార్థి తన ఎం.ఎస్. థీసిస్‌లో చూపించాడు. పండక్కి వచ్చినప్పుడు మన మెట్ల లైటుకి పట్టిక గీసి చూపించు. కింద ఒక స్విచ్, పైన ఒకటి, ఏది మార్చినా లైటు మారుతుంది. అది అండ్ కాదు, ఆర్ కూడా కాదు. స్క్రూడ్రైవర్ మాత్రం ముట్టుకోకు, మీ పెద్దమ్మ ఊరుకోదు.

పెదనాన్న